సముద్రగర్భ యాత్రకు టికెట్ కొనేముందు: ఏ సబ్‌మెర్సిబుల్ ఎక్కవచ్చు, ఏది వదిలేయాలి

సముద్రం లోపల ఏముందో కళ్లారా చూడాలనుకునేవాళ్లకు ఇప్పుడు చాలా దారులున్నాయి. ముప్పై మీటర్ల లోతులో పగడపు దిబ్బల పక్కగా తిప్పే నలభై యాభై సీట్ల జలాంతర్గామి ఉంది. విహార నౌక మీంచి క్రేన్‌తో దించే పారదర్శక గోళం ఉంది. కిలోమీటర్ల లోతుకు ఇద్దరు ముగ్గుర్ని తీసుకెళ్లే లోహపు గోళాలూ ఉన్నాయి. బ్రోషర్లలో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. వాటి వెనక ఉన్న ఇంజనీరింగ్, తనిఖీ, చట్టం మాత్రం దేనికదే వేరు.

2023 జూన్ 18న టైటానిక్ శిథిలాల వైపు దిగుతూ ‘టైటాన్’ అనే సబ్‌మెర్సిబుల్ (పైన తోడు ఓడ అండతో దిగే చిన్న జలాంతర్గామి) నలిగిపోయి అందులోని ఐదుగురూ చనిపోయాక, ఈ తేడాలు తెలుసుకోవడం అవసరమని చాలామందికి అర్థమైంది. ఆ ప్రమాదాన్ని ఆపగలిగి ఉండేవారని అమెరికా కోస్ట్ గార్డ్ 2025 ఆగస్టులో ఇచ్చిన నివేదిక తేల్చింది. టైటాన్ గురించి హెచ్చరికలు ముందే ఉన్నాయి, రాతపూర్వకంగానే ఉన్నాయి. టికెట్ కొన్నవాళ్లలో ఎంతమందికి అవి చేరాయన్నదే ప్రశ్న. అందుకే ముందు కొలమానాలు, తర్వాత ఒక్కో దారి.

## ముందు ఏం చూడాలి

క్లాస్ సర్టిఫికెట్. మిగతావన్నీ దీని తర్వాతే. ఓడల రంగంలో అమెరికన్ బ్యూరో ఆఫ్ షిప్పింగ్, డీఎన్‌వీ, లాయిడ్స్ రిజిస్టర్, బ్యూరో వెరిటాస్ లాంటి సంస్థలను క్లాస్ సొసైటీలంటారు. తయారీదారుతో, నడిపేవారితో సంబంధం లేకుండా ఇవి డిజైన్ లెక్కలు చూస్తాయి, లోహం ఎక్కడిదో అడుగుతాయి, ఒత్తిడి పరీక్షలు జరిగేటప్పుడు తమ మనిషిని నిలబెడతాయి. ఆ తర్వాత కూడా ఏటా సర్వే చేస్తాయి. మనుషులు కూర్చునే ఒత్తిడి గదులకు అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం రాసిన పీవీహెచ్‌ఓ-1 అనే ప్రమాణం ఉంది. యాక్రిలిక్ అనే గట్టి పారదర్శక ప్లాస్టిక్‌తో చేసే కిటికీకి ఎంత ఆయుష్షు ఉండాలో కూడా అది చెబుతుంది.

అంతర్జాతీయ సముద్ర సంస్థ 2001లో పర్యాటక సబ్‌మెర్సిబుళ్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. అవి సలహాలు మాత్రమే. వాటిని చట్టంగా చేయాల్సింది ఆయా దేశాలు. ఏ దేశపు జెండా లేని నౌక, ఏ దేశపు జలాల్లోనూ లేని చోట దిగితే అడ్డుకునేవాళ్లు ఉండరు. టైటాన్ సరిగ్గా ఆ సందులోంచే వెళ్లింది. దాన్ని ఎక్కడా రిజిస్టర్ చేయలేదు, క్లాస్ చేయించలేదు.

సర్టిఫికెట్ కాపీ చేతికొచ్చాక నాలుగు చోట్ల చూడండి. నౌక పేరు, గుర్తింపు సంఖ్య మీరు ఎక్కబోయేదానివేనా? అనుమతించిన గరిష్ఠ లోతు ఎంత? గరిష్ఠంగా ఎంతమంది ఎక్కవచ్చు? చివరి వార్షిక సర్వే ఏ తేదీన జరిగింది? అమెరికన్ బ్యూరో, డీఎన్‌వీ తమ రిజిస్టర్లను ఇంటర్నెట్‌లో ఎవరైనా వెతుక్కునేలా ఉంచాయి. అక్కడ పేరు కొట్టి చూడటానికి పది నిమిషాలు పట్టదు.

“క్లాస్ నియమాలకు తగ్గట్టు కట్టాం”, “ప్రమాణాలను మించి కట్టాం” అన్న వాక్యాలు కనిపిస్తే ఆగండి. క్లాస్ ఉన్నవాళ్లు అలా రాయరు, సర్టిఫికెట్ చూపిస్తారు. పెద్ద సంస్థల పేర్లు చూసి కూడా నమ్మేయకండి. టైటాన్ నడిపిన ఓషన్‌గేట్ తన ప్రచారంలో బోయింగ్ పేరు, వాషింగ్టన్ యూనివర్సిటీ పేరు వాడుకుంది. ప్రమాదం తర్వాత ఆ రెండూ టైటాన్ డిజైన్‌తో తమకు సంబంధం లేదని చెప్పాయి.

లోతు, దాని కింద ఇంకెంత లోతు. నీటిలో ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణం అంత ఒత్తిడి పెరుగుతుంది. టైటానిక్ ఉన్న 3,800 మీటర్ల దగ్గర ప్రతి చదరపు సెంటీమీటరు మీద దాదాపు 390 కిలోల బరువు పడుతుంది. ఎంత లోతుకు దిగుతారన్నదొక్కటే అడిగితే సరిపోదు. దిగేచోట సముద్రపు అడుగు ఎంత లోతులో ఉందో కూడా అడగాలి. 300 మీటర్ల అనుమతి ఉన్న సబ్‌మెర్సిబుల్ 250 మీటర్ల అడుగున్న చోట దిగితే, ఏదైనా పాడై మునిగినా అది నేల మీద ఆగుతుంది, నలగదు. అడుగు రెండు వేల మీటర్లు ఉన్నచోట ఆ భరోసా లేదు.

ఆగిపోతే పైకి ఎలా వస్తుంది. మంచి సబ్‌మెర్సిబుల్‌లో కరెంటు పోయినా చేత్తో బరువులు వదిలేసి తేలే ఏర్పాటు ఉంటుంది. వలలకో, శిథిలాలకో చిక్కుకుంటే అదొక్కటే చాలదు. 1973లో అమెరికాలోని కీ వెస్ట్ దగ్గర జాన్సన్ సీ లింక్ అనే పరిశోధక సబ్‌మెర్సిబుల్ సుమారు 110 మీటర్ల లోతులో మునిగిన ఓడ శిథిలాలకు చిక్కుకుంది. పైకి తెచ్చేసరికి లోపలున్న నలుగురిలో ఇద్దరు కార్బన్ డయాక్సైడ్ వల్ల చనిపోయారు. అదే ఏడాది ఐర్లాండ్ దగ్గర పైసీస్-3 దాదాపు 480 మీటర్ల అడుగుకు పడిపోతే, 76 గంటల తర్వాత ఇద్దరినీ ప్రాణాలతో తీశారు. అంత లోతుకు వెళ్లగల ఇంకో సబ్‌మెర్సిబుల్ దొరకబట్టే అది సాధ్యమైంది. కాబట్టి లోపల ఎన్ని గంటల ఆక్సిజన్ ఉందని అడిగాక, ఆ గంటల్లోపు అక్కడికి రాగల యంత్రం ఏది, అది ఇప్పుడు ఏ ఓడరేవులో ఉందని కూడా అడగండి.

కాంట్రాక్టు. ఎవరి మీద, ఏ దేశపు కోర్టులో, ఏ చట్టం కింద దావా వేయగలరు? వాళ్లకు ఇన్సూరెన్స్ ఉందా? దీని గురించి కింద విడిగా రాశాను.

| దారి | మామూలు లోతు | బయటివారి తనిఖీ | మధ్యలో ఆగిపోతే | నష్టపరిహారం సంగతి |
|---|---|---|---|---|
| తీరప్రాంత టూరిస్ట్ జలాంతర్గామి | 20–45 మీటర్లు | ఆ దేశాన్ని బట్టి మారుతుంది | దానంతటదే తేలుతుంది, డైవర్లు చేరగలరు | ఆ దేశపు చట్టం, కొంత స్పష్టం |
| క్రూజ్ నౌకలోని యాక్రిలిక్ సబ్‌మెర్సిబుల్ | 100–300 మీటర్లు | సాధారణంగా క్లాస్ ఉంటుంది | బరువులు వదలడం, తోడు పడవ | టికెట్ షరతులు, విడి వేవర్ (దావా వేయనని రాసిచ్చే కాగితం) |
| క్లాస్ ఉన్న లోతు సబ్‌మెర్సిబుల్ | వేల మీటర్లు | పూర్తిగా ఉంటుంది | సొంతంగా తేలాలి, రక్షణ యంత్రాలు అరుదు | కాంట్రాక్టును బట్టి |
| క్లాస్ లేని ‘ప్రయోగాత్మక’ సబ్‌మెర్సిబుల్ | ఎంతైనా చెబుతారు | లేదు | వాళ్ల మాటే ఆధారం | రావడం చాలా కష్టం |
| రిమోట్ కెమెరా లైవ్ | వేల మీటర్లు | మనుషులుండరు | యంత్రం పోతుంది, అంతే | అవసరం లేదు |

## తీరప్రాంత టూరిస్ట్ జలాంతర్గామి

హవాయి, కరీబియన్ దీవుల్లో అట్లాంటిస్ కంపెనీ నడిపేవి ఈ రకానికి బాగా తెలిసిన ఉదాహరణ. ముప్పై మీటర్ల చుట్టుపక్కల తిరుగుతాయి, పైన తోడుగా ఒక పడవ ఉంటుంది. ఇక్కడ ఒత్తిడి పెద్ద శత్రువు కాదు. అసలు భయం నీళ్లు లోపలికి రావడం, యాభైమంది ఒకటో రెండో ఇరుకు మూతల్లోంచి బయటపడాల్సి రావడం.

2025 మార్చి 27న ఈజిప్టులోని హుర్ఘాదా దగ్గర సింద్‌బాద్ అనే పర్యాటక జలాంతర్గామి మునిగి ఆరుగురు రష్యన్ పర్యాటకులు చనిపోయారు. అది 25 మీటర్ల లోతు దాకా పర్యాటకుల్ని తీసుకెళ్లేది, ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది. లోతు తక్కువైతే భయమేమీ లేదనుకునేవాళ్లు ఈ ఒక్క ఘటన గుర్తుపెట్టుకుంటే చాలు.

అందుకే ఇక్కడ చూడాల్సినవి వేరు. ఎక్కించే ముందు బయటపడే మూతలు చూపించారా? లైఫ్ జాకెట్లు సీటు కిందే ఉన్నాయా? అలలు ఎక్కువున్న రోజు ట్రిప్పులు రద్దు చేస్తున్నారా, లేక ఎలాగోలా పంపేస్తున్నారా? రేవులో పావుగంట నిలబడితే ఈ చివరిది మీకే తెలిసిపోతుంది.

ఇంకో మాట. చాలా చోట్ల ‘సబ్‌మెరైన్ టూర్’ పేరుతో అమ్మేది సెమీ సబ్‌మెరైన్. అది మునగదు. డెక్ ఎప్పుడూ నీటిపైనే ఉంటుంది, కింది గదికి గాజు కిటికీలుంటాయి. చిన్నపిల్లలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, మూసిన గదిలో టెన్షన్ పడేవాళ్లు ఉన్న కుటుంబానికి నేను దాన్నే చెబుతాను. కనిపించే చేపలు దాదాపు అవే.

## క్రూజ్ నౌకలోని యాక్రిలిక్ సబ్‌మెర్సిబుల్

అంటార్కిటికా లాంటి చోట్లకు వెళ్లే కొన్ని విహార నౌకల్లో పైలట్‌తో పాటు ఆరుగురు కూర్చునే సబ్‌మెర్సిబుళ్లున్నాయి. నెదర్లాండ్స్‌కు చెందిన యూ-బోట్ వర్క్స్, ఫ్లోరిడాకు చెందిన ట్రైటన్ ఈ రంగంలో పేరున్న తయారీదారులు. యాక్రిలిక్ చూడటానికి బలహీనంగా అనిపించినా, నలువైపుల నుంచి నొక్కే ఒత్తిడికి గోళాకారంలో బాగా తట్టుకుంటుంది. దశాబ్దాల పరీక్షల సమాచారం ఉన్న పదార్థం కాబట్టి, ఎన్నేళ్లకు, ఎన్ని డైవ్‌లకు మార్చాలో ముందే తెలుసు.

చూసే అనుభవం విషయంలో నా దృష్టిలో అన్నిటికన్నా మంచిది ఇదే. రెండు వందల మీటర్లు దాటితే సూర్యకాంతి దాదాపు ఉండదు కాబట్టి, ఇంకా లోతుకు వెళ్లినంత మాత్రాన ఎక్కువ కనిపించదు. కింద కనిపించేదంతా లైట్ల వెలుగు పడినంత మేరే.

ఇబ్బంది డబ్బు దగ్గర. ఈ డైవ్‌కు క్రూజ్ టికెట్ మీద విడిగా చెల్లించాలి, గాలి మారితే రద్దవుతుంది. రద్దయితే డబ్బు వెనక్కి ఇస్తారా అన్నది బుకింగ్ రోజే రాతలో తీసుకోండి. డైవ్ కోసమే ఆ క్రూజ్ ఎక్కేవాళ్లు నిరాశపడే అవకాశం ఎక్కువ. ప్రయాణం కోసం వెళ్తూ, డైవ్ దొరికితే అదృష్టం అనుకునేవాళ్లకు ఇది బాగా నప్పుతుంది.

## క్లాస్ ఉన్న లోతు సబ్‌మెర్సిబుల్

“అంత లోతుకు వెళ్లేవాటికి క్లాస్ సాధ్యం కాదు, అది కొత్తదనాన్ని అడ్డుకుంటుంది” అనే వాదన వినిపిస్తే చెప్పాల్సిన జవాబు ‘లిమిటింగ్ ఫ్యాక్టర్’. ట్రైటన్ కట్టిన ఈ ఇద్దరు మనుషుల సబ్‌మెర్సిబుల్‌కు 90 మిల్లీమీటర్ల మందం టైటానియం గోళం ఉంది. సముద్రంలో అన్నిటికన్నా లోతైన చోటికి మళ్లీ మళ్లీ వెళ్లడానికి డీఎన్‌వీ దాన్ని క్లాస్ చేసింది. 2019లో అమెరికా సాహసయాత్రికుడు విక్టర్ వెస్కోవో అందులోనే ఆ చోటికి, అంటే చాలెంజర్ డీప్‌కు చేరారు. 2020లో అక్కడికి కొన్ని సీట్లు ఏడున్నర లక్షల డాలర్లకు అమ్మకానికి పెట్టారు. తర్వాత ఆ నౌక పరిశోధన పనుల కోసం చేతులు మారింది.

అంతకుముందు ఫిన్లాండ్‌లో కట్టిన రష్యా ‘మీర్’ సబ్‌మెర్సిబుళ్లు రెండు, 6,000 మీటర్ల సామర్థ్యంతో, ఏళ్ల తరబడి పర్యాటకుల్ని టైటానిక్ దగ్గరికి తీసుకెళ్లాయి. లోతుకు వెళ్లి క్షేమంగా రావడం కొత్త విద్యేమీ కాదు. ఖరీదైన విద్య, నెమ్మదిగా సాగే విద్య. ఎప్పుడో దొరికే సీటు కోసం ఏళ్లు వేచి ఉండగలిగితేనే ఈ దారి పెట్టుకోండి. తొందరపెట్టి అమ్మేవాళ్లు ఈ రకంలో ఉండరు.

## క్లాస్ లేని ‘ప్రయోగాత్మక’ సబ్‌మెర్సిబుల్

టైటాన్ గది గోళం కాదు, స్తూపం. సుమారు 13 సెంటీమీటర్ల మందం కార్బన్ ఫైబర్ గొట్టానికి రెండు చివర్ల టైటానియం రింగులు జిగురుతో అతికించి, వాటికి టైటానియం మూతలు బిగించారు. కార్బన్ ఫైబర్‌ను లాగితే గొప్ప బలం చూపిస్తుంది. బయటినుంచి నొక్కినప్పుడు పొరల మధ్య ఖాళీలు, ముడతలు ఉంటే అక్కడినుంచి పొరలు విడిపోతాయి. ప్రతి డైవ్‌లో నొక్కుడు, విడుపు జరుగుతాయి కాబట్టి అలసట పేరుకుంటుంది. టైటానియం, ఉక్కు ఎన్ని డైవ్‌లకు అలసిపోతాయో ఇంజనీర్ల దగ్గర లెక్కలున్నాయి. ఈ గొట్టానికి అలాంటి లెక్క లేదు.

2018లోనే సబ్‌మెర్సిబుల్ నిపుణులు మూడు డజన్లకు పైగా కలిసి, ఈ పద్ధతి పెద్ద ప్రమాదానికి దారితీయవచ్చని కంపెనీ అధిపతి స్టాక్టన్ రష్‌కు లేఖ రాశారు. అదే ఏడాది కంపెనీ మెరైన్ ఆపరేషన్స్ డైరెక్టర్ డేవిడ్ లాక్‌రిడ్జ్ లోపాలు రాసిస్తే ఉద్యోగం పోయింది. హోండురాస్‌లో సొంతంగా చిన్న సబ్‌మెర్సిబుల్ నడిపే కార్ల్ స్టాన్లీ 2019లో బహామాస్ దగ్గర టైటాన్‌లో దిగి, పగులుతున్న చప్పుళ్లు విని రష్‌ను హెచ్చరించారు. ఆ గొట్టాన్ని తర్వాత మార్చారు. మార్చిన గొట్టంతో 2022 జూలైలో 80వ డైవ్ నుంచి పైకి వస్తుండగా పెద్ద చప్పుడొచ్చింది. దాని మీద బిగించిన సెన్సర్లు ఆ తర్వాత తేడా చూపించాయి. ఆ సమాచారాన్ని సరిగ్గా చదివి ఉంటే అక్కడితో ఆపేయాల్సింది. దాన్ని చలికాలమంతా బయట ఉంచి, మరుసటి వేసవిలో మళ్లీ దించారు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఈ భాగమే. ఆ ఐదుగురిలో తండ్రితో వెళ్లిన 19 ఏళ్ల కుర్రాడున్నాడు. ఆ చప్పుడు గురించి, దాని తర్వాత వచ్చిన గ్రాఫుల గురించి ప్రయాణికులకు చెప్పాల్సిన బాధ్యత ఎవరి మీదా లేకుండా పోయింది. క్లాస్ ఉంటే అలాంటి చప్పుడు తర్వాత సర్వేయర్ వచ్చి చూసేదాకా నౌక కదలకూడదు.

క్లాస్ లేనివన్నీ టైటాన్ అంత ప్రమాదకరం కాదు. ఉక్కుతో కట్టి, కొన్ని వందల మీటర్లకే పరిమితమై, ఏళ్లుగా నడుస్తున్నవీ ఉన్నాయి. అయితే ఏది ఎలాంటిదో తేల్చుకునే సాధనం ప్రయాణికుడి దగ్గర ఉండదు. యజమాని స్వయంగా పైలట్‌గా కూర్చోవడం హామీ కింద రాదు. రష్ కూడా అందులోనే చనిపోయారు.

## రిమోట్ కెమెరా లైవ్

దీన్ని చిన్నచూపు చూడకండి. ష్మిట్ ఓషన్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ, అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా తమ నౌకల నుంచి దించే మనుషుల్లేని కెమెరా యంత్రాల డైవ్‌లను ఉచితంగా లైవ్‌లో చూపిస్తాయి. శాస్త్రవేత్తలు అక్కడికక్కడే మాట్లాడుతుంటారు. 2025 మార్చిలో సౌత్ శాండ్‌విచ్ దీవుల దగ్గర 600 మీటర్ల లోతులో, సహజ స్థితిలో బతికున్న కొలోసల్ స్క్విడ్‌ను మొదటిసారి చిత్రీకరించింది ష్మిట్ వాళ్ల రిమోట్ యంత్రమే. టైటానిక్‌ను 2022లో ఏడు లక్షల ఫొటోలతో పూర్తిగా స్కాన్ చేశారు. చిన్న కిటికీలోంచి చూసే మనిషికి ఓడ మొత్తం అలా ఎప్పటికీ కనపడదు.

## సంతకం పెట్టే కాగితం

సర్టిఫికెట్ తయారీదారుణ్ణి కట్టడి చేస్తుంది, వేవర్ మిమ్మల్ని కట్టడి చేస్తుంది. మొదటిది చూపించకుండా రెండోది ముందుకు తోస్తే లేచి వచ్చేయండి.

టైటాన్ వేవర్ తొలి పేజీలోనే మరణం ప్రస్తావన పదేపదే ఉందని అందులో ముందు వెళ్లొచ్చినవాళ్లు చెప్పారు. వివాదాలకు బహామాస్ చట్టం వర్తిస్తుందని కూడా రాశారు. రెండున్నర లక్షల డాలర్లు కట్టినవాళ్లను ప్రయాణికులు అనకుండా ‘మిషన్ స్పెషలిస్టులు’ అన్నారు. ప్రయాణికుల నౌకలకు వర్తించే అమెరికా నిబంధనల నుంచి తప్పించుకోవడానికే ఆ పేరు పెట్టారని కోస్ట్ గార్డ్ తేల్చింది. మీ కాంట్రాక్టులో మిమ్మల్ని ఏమని పిలిచారో అందుకే చూడమంటున్నాను. ‘సిబ్బంది’, ‘పరిశోధక సహాయకుడు’, ‘సభ్యుడు’ లాంటి మాటలు గౌరవంగా అనిపిస్తాయి కానీ ప్రయాణికుడికి ఉండే రక్షణ వాటికి ఉండకపోవచ్చు.

వేవర్ రాసినంత మాత్రాన కంపెనీ పూర్తిగా తప్పించుకోలేదు. చాలా దేశాల్లో మామూలు నిర్లక్ష్యం మీద దావా వేసే హక్కును వదులుకోగలరు గానీ, తెలిసి చేసిన ఘోర నిర్లక్ష్యం మీద హక్కును వదులుకున్నట్టు రాసినా కోర్టులో నిలవదు. కానీ గెలిచాక డబ్బు ఎక్కడినుంచి రావాలి? ఓషన్‌గేట్ 2023 జూలైలో కార్యకలాపాలు ఆపేసింది. చనిపోయినవారిలో ఒకరైన పాల్ ఆన్రీ నార్జొలే కుటుంబం 2024లో ఐదు కోట్ల డాలర్లకు పైగా దావా వేసింది. దావా వేయడం ఒకటి, మూతపడిన కంపెనీ నుంచి వసూలు చేయడం ఇంకొకటి. క్లాస్ ఉన్న నౌకకు ఇన్సూరెన్స్ సులువుగా దొరుకుతుంది, నష్టపరిహారం చెల్లించేది చివరికి ఆ ఇన్సూరెన్స్ కంపెనీయే.

నడిసముద్రంలో మరణాలకు అమెరికాలో 1920 నాటి ప్రత్యేక చట్టం ఉంది. దాని కింద కుటుంబం సాధారణంగా ఆర్థిక నష్టమే అడగగలదు, మనిషిని పోగొట్టుకున్న బాధకు పరిహారం ఉండదు. 1851 నాటి ఇంకో చట్టం ప్రకారం, ప్రమాదానికి కారణమైన లోపం యజమానికి తెలియదని తేలితే అతని బాధ్యత ప్రమాదం తర్వాత నౌకకు మిగిలిన విలువకే పరిమితం. టైటానిక్ యజమానులు ఈ చట్టాన్నే పట్టుకున్నారు. మిగిలింది లైఫ్‌బోట్లే కాబట్టి తొంభై వేల డాలర్ల చిల్లరతో సరిపెట్టాలని చూశారు. బాధితులు కోటీ అరవై లక్షల డాలర్ల దాకా అడిగితే, చివరికి 6,64,000 డాలర్లకు రాజీ కుదిరింది. ఆ చట్టం ఇంకా అమల్లోనే ఉంది.

అంతర్జాతీయ సముద్ర ప్రయాణాలకు ఏథెన్స్ ఒప్పందం కొంత మెరుగైన రక్షణ ఇస్తుంది. దాన్ని ఆమోదించిన దేశాల్లో పన్నెండు మందికి మించి ప్రయాణికుల్ని మోసే ఓడలకు ఇన్సూరెన్స్ తప్పనిసరి. క్రూజ్ టికెట్‌కు అది వర్తించినా, నౌక మీంచి దిగే సబ్‌మెర్సిబుల్ డైవ్‌కు వర్తిస్తుందో లేదో కంపెనీని రాతలో అడగండి.

## ఎవరికి ఏది

పిల్లలతో వెళ్లే కుటుంబానికి సెమీ సబ్‌మెరైన్, లేదా కోస్ట్ గార్డ్ తనిఖీ గట్టిగా ఉన్న దేశంలో తీరప్రాంత జలాంతర్గామి. సముద్ర జీవుల మీద ఇష్టం, ఖర్చు పెట్టగల స్తోమత రెండూ ఉన్నవాళ్లకు క్రూజ్ నౌకలోని యాక్రిలిక్ గోళం. టైటానిక్ చరిత్ర పిచ్చి ఉన్నవాళ్లకు నేను మొదట స్కాన్లు, రిమోట్ డైవ్‌లే చెబుతాను. ఆ తర్వాత కూడా వెళ్లాల్సిందే అనిపిస్తే, క్లాస్ ఉన్న సబ్‌మెర్సిబుల్‌లో సీటు దొరికేదాకా ఆగడమే. సాహసం కోసం క్లాస్ లేనిదే ఎక్కుతానంటే, మీ మీద ఆధారపడినవాళ్లు ఉన్నారా అన్నది ముందు తేల్చుకోండి. ఉంటే వద్దు.

ఏది ఎంచుకున్నా, డబ్బు కట్టకముందే రెండు ఈమెయిళ్లు పంపండి. మొదటిది నడిపేవారికి: క్లాస్ సర్టిఫికెట్ కాపీ, చివరి సర్వే తేదీ, దిగేచోట సముద్రపు అడుగు లోతు, దగ్గరి రక్షణ యంత్రం ఎక్కడుందో, ప్రయాణికుల ఇన్సూరెన్స్ పత్రం అడుగుతూ. రెండోది మీ జీవిత బీమా, ట్రావెల్ ఇన్సూరెన్స్ కంపెనీలకు: సబ్‌మెర్సిబుల్ డైవ్ పాలసీలో కవర్ అవుతుందా, క్లాస్ లేనిదైతే మినహాయింపు ఉందా అని. ఫోన్‌లో చెప్పిన జవాబు ఒప్పుకోకండి, రాతలో తీసుకుని ఇంట్లో ఇంకొకరికి కూడా పంపి ఉంచండి.